సైకిలు పోయింది - కాగితం ఉందా?



ఈ పూట మాట్లాడుకునేది సైకిలు గురించి. ఇంట్లో సైకిలు దొంగలు ఎత్తుకుపోతే బీమా డబ్బు ఎట్లా అడగాలి? ఆ సంగతి తెలుసుకుందాం.

"సైకిలుకు గూడ బీమా ఉంటదా?" అని కొందరు నవ్వవచ్చు. బీమా అంటే మనిషి పోతే వచ్చే డబ్బు అని చాలామంది అనుకుంటారు. అట్లా అనుకోవడానికి కారణం ఉంది. తెలంగాణలో 2018 ఆగస్టులో రైతుబీమా మొదలైంది. అది రైతు చనిపోతే ఇంటివాళ్లకు 5 లక్షల రూపాయలు ఇచ్చే పథకం. బ్యాంకు ఖాతాలో నుంచి ఏడాదికి 20 రూపాయలు పట్టుకునే బీమా ఒకటి ఉంది. అది ప్రమాదంలో చనిపోయినా, కాలో చెయ్యో కన్నో పోయినా ఇచ్చేది. 436 రూపాయలు పట్టుకునే బీమా ఇంకొకటి ఉంది. అది మనిషి చనిపోతే ఇచ్చేది.

ఈ మూడూ మంచివే. కాని సైకిలు పోతే ఈ మూడింటిలో ఏదీ ఒక్క పైసా ఇయ్యదు. సైకిలుకు డబ్బు రావాలంటే ఇంటి బీమా ఉండాలి. ఇంటి బీమాలో కూడా సైకిలు పేరు ఉండాలి. ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? చదివితే తెలుస్తుంది.

ఒక ఇంటి సంగతి

మానవపాడు మండలంలో ఒక చిన్న ఊరు అనుకోండి. ఆ ఊళ్లో ఒక తల్లి ఉంది. ఆమెకు రెండు బర్రెలు ఉన్నాయి. పొద్దున్నే పాలు పిండి, క్యాన్లు సైకిలుకు కట్టుకుని మానవపాడుకు పోయి పోసి వస్తుంది. వచ్చి మిరప చేనుకు పోతుంది. భర్త కర్నూలులో తాపీ పని చేస్తాడు. వారానికి ఒకసారి ఇంటికి వస్తాడు. కూతురు తొమ్మిదో తరగతి. ఆ పిల్ల కూడా సైకిలు మీద హైస్కూలుకు పోతుంది.

ఇల్లు కట్టుకునేటప్పుడు వాళ్లు బ్యాంకులో అప్పు తీసుకున్నారు. అప్పుతో పాటు ఇంటికి బీమా చేయించారు. ఏడాదికి ఒకసారి డబ్బు కడుతున్నారు. ఆ కాగితం మాత్రం ఎవరూ చదవలేదు. అది ట్రంకు పెట్టెలో, చీరెల కింద ఉంది.

ఒకరోజు తెల్లవారింది. కూతురు వాకిట్లో నిలబడి కేక వేసింది.

"అమ్మా, నా సైకిలు యాడ?"

"గోడకు ఆనించినం గదమ్మా. చూడు."

"లేదమ్మా. నీ సైకిలు గూడ లేదు."

తల్లి పరుగున వచ్చింది. రెండు సైకిళ్లూ లేవు. ఇంటి తలుపుకు వేసిన గొళ్లెం వేసినట్టే ఉంది. ఇంట్లో వస్తువు ఏదీ పోలేదు. వాకిలి గేటుకు మాత్రం తాళం లేదు. గేటు బార్లా తెరిచి ఉంది.

ఆ పొద్దు పాలు పోయలేదు. పిల్ల బడికి పోలేదు.

మధ్యాహ్నానికి ఇరుగుపొరుగు వచ్చారు. తలా ఒక మాట అన్నారు.

"పోయిన సైకిలు మల్ల వస్తదా? ఠాణా చుట్టూ తిరగలేక చెప్పులు అరుగుతయి. మరిచిపో వదినా" అన్నది ఒకామె.

"రేపటి నుంచి పిల్లను చేనుకు తోల్కపో. తొమ్మిది దాకా చదివింది, చాల్లే" అన్నది ఇంకొక ముసలమ్మ.

ఈ మాట తల్లికి ముల్లులా గుచ్చుకుంది. సైకిలు పోయినందుకు పిల్ల చదువు ఎందుకు పోవాలి? ఆమె పోయి ట్రంకు పెట్టె తెరిచింది. బీమా కాగితం తీసింది.

అప్పుడు పక్కింటి అన్న ఒక సలహా చెప్పాడు.

"చెల్లెమ్మా, ఇంటి తాళం పగలగొట్టినారని రాయించు. తాళం పగిలితేనే బీమా వాళ్లు డబ్బు ఇస్తరు. ఒక పాత తాళం తెచ్చి సుత్తితో కొట్టి పెడ్తాం. ఎవరికి తెలుస్తది?"

అతను మంచికే చెప్పాడు. మరి ఆ తల్లి ఏం చేయాలి? అది చెప్పుకునే ముందు రెండు మాటలకు అర్థం తెలుసుకోవాలి.

రెండు మాటలు

బీమా కాగితంలో రెండు మాటలు వేరు వేరుగా ఉంటాయి.

ఒకటి దొంగతనం. అంటే మనది మనకు చెప్పకుండా ఎత్తుకుపోవడం. వాకిట్లో పెట్టిన బిందె ఎత్తుకుపోతే దొంగతనమే.

రెండోది ఇల్లు పగలగొట్టి దోచడం. తాళం విరిచి, తలుపు పగలగొట్టి, గోడకు కన్నం వేసి, లేదా మనుషులను బెదిరించి లోపలికి వచ్చి ఎత్తుకుపోవడం.

మనకు రెండూ ఒక్కటే. పోయింది పోయిందే. బీమా కంపెనీకి మాత్రం రెండూ ఒక్కటి కావు. 2004లో సుప్రీంకోర్టుకు ఒక కేసు పోయింది. ఆ పాలసీలో బలవంతంగా లోపలికి వచ్చి చేసిన దొంగతనానికే డబ్బు అని రాసి ఉంది. అక్కడ బలవంతం జరిగిన గుర్తు లేదు. పాలసీలో ఏమి రాసి ఉంటే అదే లెక్క అని కోర్టు చెప్పింది. డబ్బు కంపెనీ ఇయ్యాల్సిన పని లేదని తీర్పు ఇచ్చింది.

పక్కింటి అన్న మాట ఇట్లాంటి సంగతులు విని చెప్పిందే. అందులో సగం నిజం ఉంది. సగం లేదు.

మన దేశంలో ప్రభుత్వ సాధారణ బీమా కంపెనీలు నాలుగు ఉన్నాయి. అవి నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా. 1973లో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలను కలిపి వీటిని ఏర్పాటు చేసింది. ఇట్లాంటి కంపెనీలు అమ్ముతూ వచ్చిన పాలసీ ఒకటి ఉంది. దానిని గృహస్థుల పాలసీ అంటారు. అది ఒకే కాగితం. కాని లోపల చాలా భాగాలు ఉంటాయి. నిప్పు అంటుకుంటే ఒక భాగం. ఇల్లు పగలగొట్టి దోస్తే ఒక భాగం. నగలకు ఒక భాగం. టీవీకి ఒక భాగం. సైకిలుకు కూడా వేరే భాగం ఉంటుంది.

అన్ని భాగాలూ అందరికీ రావు. ఏ భాగానికి డబ్బు కడితే ఆ భాగమే వస్తుంది. సైకిలు భాగం తీసుకున్నవారికి నిప్పు, ఇల్లు పగలగొట్టడంతో పాటు ఉత్త దొంగతనం కూడా వర్తిస్తుంది. అంటే తాళం పగలకపోయినా అడగవచ్చు.

ఆ తల్లి కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. కూతురు ఇంగ్లీషు మాటలు చదివింది. తల్లి అంకెలు చూసింది. ఒక్కొక్క భాగం పక్కన ఒక్కొక్క అంకె ఉంది. కొన్నింటి పక్కన గీత మాత్రమే ఉంది. గీత ఉంటే ఆ భాగం తీసుకోలేదని అర్థం. సైకిలు అన్న చోట 10,000 అని ఉంది. కింద షరతుల్లో దొంగతనం అనే మాట ఉంది.

తల్లి లేచి పక్కింటి అన్నతో చెప్పింది.

"అన్నా, సైకిలుకు తాళం పగలగొట్టే పని లేదంట. దొంగతనం అంటే చాలంట. ఉన్నది ఉన్నట్టే రాయిస్త."

ఆమె అబద్ధం చెప్పి ఉంటే ఏమయ్యేది? కంపెనీ మనిషి వచ్చి తలుపు చూస్తాడు. తలుపు మీద గీత కూడా ఉండదు. పోలీసులకు ఒకటి, కంపెనీకి ఒకటి చెప్పినట్టు తేలుతుంది. అబద్ధం అని తేలితే క్లెయిము మొత్తం పోతుంది. వచ్చే డబ్బు కూడా రాదు. పోలీసులకు తప్పుడు సమాచారం ఇవ్వడం నేరం కూడా.

ఒకవేళ కాగితంలో సైకిలు పక్కన గీత ఉంటే? అప్పుడు డబ్బు రాదు. రాదు అని తెలుసుకోవడం కూడా మంచిదే. ఊరికే తిరిగి కూలి పోగొట్టుకునే పని ఉండదు.

మొదటి రోజే చేయాల్సిన పని

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని సామెత ఉంది. బీమాలో అట్లా చేస్తే నష్టమే. మొదటి రోజే రెండు పనులు చేయాలి.

మొదటి పని, పోలీస్ స్టేషనుకు పోవాలి. 2024 జూలై 1 నుంచి దేశంలో కొత్త చట్టాలు వచ్చాయి. భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షను. ఇంట్లో జరిగిన దొంగతనం 305వ సెక్షను. ఏ సెక్షను పెట్టాలో పోలీసులు చూసుకుంటారు. ఎక్కడ నుంచి పోయింది, ఎప్పుడు పోయింది అనేది సరిగ్గా చెప్పడం మన పని. "ఇంటి వాకిట్లో నుంచి" అనాల్సిన చోట "ఊళ్లో నుంచి" అంటే తర్వాత చిక్కు వస్తుంది.

రాయడం రాకపోయినా నోటితో చెప్పవచ్చు. పోలీసులే రాసుకోవాలి. రాసింది చదివి వినిపించాలి. విన్న తర్వాతే సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఒకటి ఉచితంగా ఇవ్వాలి. ఇది చట్టంలో ఉన్న మాట. దానికి డబ్బు కట్టనక్కర లేదు. ఫిర్యాదు తీసుకోము అంటే జిల్లా ఎస్పీ గారికి పోస్టులో పంపవచ్చు.

రాయడం వచ్చినవారు రాసుకునే పోవడం మంచిది. ఫిర్యాదు ఇట్లా ఉంటే చాలు.

"మానవపాడు పోలీస్ స్టేషన్ ఎస్సై గారికి,

అయ్యా! నా పేరు ........ మా ఊరు ........ ఇంటి నంబరు ........

........ తేదీ రాత్రి 9 గంటలకు మా ఇంటి వాకిట్లో రెండు సైకిళ్లు పెట్టాము. తెల్లవారి 5 గంటలకు చూస్తే లేవు. ఇంటి తలుపు పగలలేదు. గేటుకు తాళం లేదు.

మొదటి సైకిలు నల్ల రంగు, వెనుక క్యారియరు ఉంది. ఫ్రేము నంబరు ........ రెండోది ఎర్ర రంగు, ముందు బుట్ట ఉంది. ఫ్రేము నంబరు ........

కొన్న బిల్లు నకలు జత చేశాను. కేసు రాసుకుని, సైకిళ్లు వెతికించి, ఎఫ్‌ఐఆర్ నకలు ఇప్పించగలరు.

సంతకం ........ తేదీ ........ ఫోను నంబరు ........"

ఈ కాగితం రెండు ప్రతులు రాయాలి. ఒకటి ఠాణాలో ఇయ్యాలి. రెండోదాని మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలి.

రెండో పని, బీమా కంపెనీకి చెప్పాలి. పాలసీ కాగితం మీద ఫోను నంబరు ఉంటుంది. ఫోను చేసి పాలసీ నంబరు చెప్పాలి. వాళ్లు ఒక క్లెయిము నంబరు ఇస్తారు. దానిని గోడ క్యాలెండరు మీద కాదు, నోటుపుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఎవరు మాట్లాడారో, ఏ తేదీనో కూడా రాయాలి. బ్యాంకు ద్వారా తీసుకున్న పాలసీ అయితే బ్యాంకులో కూడా చెప్పాలి.

ఆలస్యమైతే అంతా పోయినట్టేనా? అట్లా కూడా కాదు. 2010 అక్టోబరు 28న ఒక రైతు ట్రాక్టరు దొంగతనం అయింది. ఆ రోజే పోలీసు కేసు పెట్టాడు. బీమా కంపెనీకి మాత్రం 52 రోజులు ఆలస్యంగా చెప్పాడు. కంపెనీ డబ్బు ఇయ్యను అన్నది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2020 జనవరిలో తీర్పు వచ్చింది. పోలీసులకు వెంటనే చెప్పి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పాడన్న ఒక్క కారణంతో క్లెయిము కొట్టివేయరాదు అని కోర్టు చెప్పింది. అది బండి కేసు. అయినా దానిలో అందరికీ పనికివచ్చే పాఠం ఉంది. ఆ రైతును కాపాడింది మొదటి రోజు కాగితమే. ఆ తీర్పు కోసం అతను పదేళ్ల దాకా ఆగాల్సి వచ్చింది. రెండూ మొదటి రోజే చేస్తే ఆ తిప్పలు ఉండవు.

కాగితాల సంచి

ఒక గుడ్డ సంచి కుట్టుకోండి. ప్లాస్టిక్ కవరైనా సరే. అందులో ఇవి పెట్టండి.

పాలసీ కాగితం, ఈ ఏడాది డబ్బు కట్టిన రసీదు. సైకిలు కొన్న బిల్లు. ఎఫ్‌ఐఆర్ నకలు. ఆధార్ నకలు. బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ నకలు. సైకిలు ఫొటో ఉంటే ఫొటో.

బిల్లు చాలామంది తీసుకోరు. "బిల్లు లేకుండా అయితే వంద తక్కువ" అని దుకాణంలో అంటారు. ఆ వంద కోసం ఆశపడితే తర్వాత వేలు పోతాయి. బిల్లు మీద దుకాణం పేరు, తేదీ, ధర, సైకిలు రకం, ఫ్రేము నంబరు ఉండాలి.

ఫ్రేము నంబరు అంటే ఏమిటి? సైకిలు చేసిన కంపెనీ ఇనుము మీద ఒక నంబరు కొడుతుంది. పెడళ్ల ఇరుసు ఉండే చోట, అడుగు భాగంలో చూడండి. కొన్నింటికి సీటు కింది గొట్టం మీద ఉంటుంది. మట్టి తుడిచి చూస్తే కనబడుతుంది. రంగు మార్చవచ్చు. సీటు మార్చవచ్చు. ఆ నంబరును చెరపడం అంత తేలిక కాదు. దొంగ దొరికినప్పుడు "ఇది నాదే" అని చెప్పడానికి అదే సాక్ష్యం.

ఈ రోజు ఇంటికి పోగానే ఒక పని చేయండి. సైకిలు తలకిందులు చేసి ఆ నంబరు చూడండి. నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంట్లో ఫోను ఉంటే ఫొటో తీయించండి.

బిల్లు పోతే ఏం చేయాలి? కొన్న దుకాణానికి పోయి నకలు అడగాలి. ఫొటోలు చూపాలి. కాగితం ఒకటి లేదన్నంత మాత్రాన క్లెయిము కొట్టివేయకూడదని బీమా కంపెనీలకు నియంత్రణ సంస్థ 2024 జూన్‌లో చెప్పింది. ఆ నియంత్రణ సంస్థ పేరు ఐఆర్‌డీఏఐ. దేశం మొత్తానికి బీమా కంపెనీలను అదుపులో పెట్టే ఆఫీసు అది. ఆ ఆఫీసు ఉన్నది మన హైదరాబాదులోనే.

కంపెనీ మనిషి వచ్చినప్పుడు

క్లెయిము ఫారం నింపి ఇచ్చాక కంపెనీ తరఫున ఒక మనిషి రావచ్చు. నష్టం పెద్దదైతే సర్వేయరు వస్తాడు. చిన్నదైతే ఫోనులోనే అడగవచ్చు. వచ్చినవారిని ముందు గుర్తింపు కార్డు చూపమనండి. సైకిళ్లు ఎక్కడ పెట్టారో చూపండి. అడిగిన దానికే జవాబు చెప్పండి. తెలియనిది తెలియదు అనండి.

ఖాళీ ఫారం మీద సంతకం పెట్టవద్దు. "నేను నింపుకుంటాలే అమ్మా, నువ్వు సంతకం పెట్టు" అంటే ఒప్పుకోవద్దు. ముందు నింపమనండి. చదివి వినిపించమనండి. అప్పుడు పెట్టండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు ఉంచుకోండి.

ఇంకొక జాగ్రత్త. "మీ బీమా డబ్బు వచ్చింది, ఓటీపీ చెప్పండి" అని ఫోను వస్తే చెప్పవద్దు. "ముందు వెయ్యి కడితే క్లెయిము పాసవుతుంది" అంటే నమ్మవద్దు. క్లెయిము డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది.

దొంగ దొరకలేదని పోలీసులు ఇచ్చే కాగితం కూడా కంపెనీ అడగవచ్చు. దానికి కొంత కాలం పడుతుంది. మధ్యలో స్టేషనుకు పోయి, కేసు నంబరు చెప్పి, ఏమైందో అడుగుతూ ఉండాలి.

డబ్బు వచ్చిన తర్వాత సైకిలు దొరికితే? రెండూ ఉంచుకోకూడదు. కంపెనీకి చెప్పాలి. డబ్బు ఇచ్చిన తర్వాత ఆ సైకిలు మీద హక్కు కంపెనీకి పోతుంది.

ఎంత వస్తుంది? లెక్క చూద్దాం

కొన్న ధర మొత్తం వస్తుందని అనుకోవద్దు. సైకిలు వాడిన కొద్దీ ధర తగ్గుతుంది. దానిని తరుగు అంటారు. కొన్ని పాలసీలలో మొదటి కొంత నష్టం మనమే భరించాలని ఉంటుంది.

ఆ తల్లి లెక్క ఇట్లా వేసుకుందాం. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికే. మీ పాలసీలో వేరుగా ఉండవచ్చు.

కూతురి సైకిలు ధర 6,000 రూపాయలు. తరుగు నూటికి 20. అంటే 1,200 పోతుంది. మిగిలేది 4,800.

తల్లి సైకిలు ధర 5,000 రూపాయలు. అది పాతది. తరుగు నూటికి 40. అంటే 2,000 పోతుంది. మిగిలేది 3,000.

రెండూ కలిపితే 7,800. మనం భరించాల్సింది 500 అనుకుందాం. అది తీసేస్తే 7,300 రూపాయలు.

రెండు కొత్త సైకిళ్లు రావు. కాని ఒకటి కొత్తది వస్తుంది. చేతిలో కొంత మిగులుతుంది. పిల్ల బడికి పోతుంది.

కంపెనీ 7,300 ఇయ్యాల్సిన చోట 4,000 ఇస్తే? ఎందుకు తగ్గించారో కాగితం మీద రాసి ఇమ్మనాలి. లెక్క వచ్చినవారిని మోసం చేయడం కష్టం.

కాదంటే ఏం చేయాలి?

క్లెయిము కుదరదు అంటే, ఏ షరతు ప్రకారం కుదరదో రాసి ఇమ్మని అడగండి. నోటి మాట చాలదు. ఆ కాగితం చేతికి వచ్చాక పాలసీ పక్కన పెట్టి చదవండి. వాళ్లు చెప్పింది నిజమేనేమో చూడండి. నిజమైతే ఒప్పుకోవాలి. ఉదాహరణకు, సైకిలు ఉండగా గంట, లైటు మాత్రమే పోతే సైకిలు భాగం కింద డబ్బు రాదు. సైకిలును కిరాయికి ఇచ్చినప్పుడు పోయినా రాదు. ఈ షరతులు ముందే రాసి ఉంటాయి.

నిజం కాదు అనిపిస్తే మొదట కంపెనీలోనే ఫిర్యాదుల అధికారికి రాయండి. ఐఆర్‌డీఏఐ వారి 155255 నంబరుకు ఫోను చేసి కూడా చెప్పవచ్చు. నెల లోపల జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అంబుడ్స్‌మన్ అంటే తగవు తీర్చే పెద్దమనిషి వంటివారు. తెలంగాణకు ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు. వకీలు అక్కర లేదు. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాది లోపల రాయాలి.

జిల్లా వినియోగదారుల కమిషనుకు కూడా పోవచ్చు. అక్కడ రెండేళ్ల లోపల కేసు వేయాలి. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు.

పాలసీ తీసుకునే ముందు

ఇంటి బీమా లేనివారు కొత్తగా తీసుకోవాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే పాలసీ వచ్చింది. నిప్పు, పిడుగు, గాలివాన, వరద, భూకంపం వంటి వాటికి అది మంచి పాలసీ. తుంగభద్ర, కృష్ణ పక్కన ఉండేవారికి వరద అంటే చెప్పనక్కర లేదు. 2009 అక్టోబరులో అలంపూర్, కర్నూలు మునిగిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోరు.

కాని దొంగతనం సంగతి వేరు. ఆ పాలసీలో మామూలు రోజున జరిగే దొంగతనానికి డబ్బు రాదు. వరదో అగ్నిప్రమాదమో జరిగి, దాని వల్ల 7 రోజుల లోపల జరిగిన దొంగతనానికే వస్తుంది. కాబట్టి "ఇంటికి బీమా ఉంది కదా" అని ధీమాగా ఉండవద్దు. దొంగతనం కావాలంటే వేరుగా అడిగి, వేరుగా కట్టి తీసుకోవాలి.

ఏజెంటు వచ్చినప్పుడు ఈ నాలుగు మాటలు అడగండి.

ఇల్లు మాత్రమేనా, ఇంట్లో సామాను కూడానా?
సైకిలు పేరు ఎక్కడ రాశారు? చూపండి.
ఉత్త దొంగతనానికి వస్తుందా, తాళం పగిలితేనే వస్తుందా?
వాకిట్లో నుంచి పోతే వస్తుందా? సంతలో నుంచి పోతే వస్తుందా?

నాలుగింటికీ జవాబు నోటితో చెబితే చాలదు. కాగితం మీద వేలు పెట్టి చూపమనండి. తెలుగులో ఉన్న కాగితం ఉంటే ఇమ్మని అడగండి. ఉన్న సామాను విలువ కంటే తక్కువకు రాయించవద్దు. లక్ష రూపాయల సామానుకు 50,000 అని రాయిస్తే, కొన్ని పాలసీలలో నష్టంలో కూడా సగమే ఇస్తారు.

ఒక్క సైకిలు కోసమే బీమా కట్టడం దండగ అనిపించవచ్చు. నిజమే. ఒక్క సైకిలే ఉంటే మంచి తాళం, గట్టి గొలుసు కొనడం మేలు. ఇంటి బీమా ఎట్లాగూ కడుతున్నవారు మాత్రం సైకిలు పేరు అందులో ఉందో లేదో చూసుకోవాలి.

సైకిలు చిన్న వస్తువేనా?

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ గారు ఒక ఆలోచన చేశారు. చదువుతో పాటు ఆడవాళ్లకు సైకిలు నేర్పించారు. కూలి తల్లులు, రాళ్లు కొట్టే తల్లులు, కొత్తగా అక్షరాలు నేర్చిన తల్లులు వేలాదిగా సైకిలు ఎక్కారు. మొదట నవ్వినవారు ఉన్నారు. తర్వాత ఆ నవ్వులు ఆగిపోయాయి. నీళ్లకు, పనికి, బజారుకు ఒకరి కోసం ఎదురుచూడకుండా తమంతట తాము పోయారు.

అందుకే సైకిలు పోతే ఒక వస్తువు మాత్రమే పోయినట్టు కాదు. పాలు పోయడం ఆగుతుంది. పిల్ల బడి ఆగుతుంది. మల్లా ఎవరి బండి మీదనో ఆధారపడాలి.

ఆ తల్లి సాయంత్రం మానవపాడు నుంచి ముద్ర వేసిన కాగితంతో ఇంటికి వచ్చింది. నడిచే పోయింది. నడిచే వచ్చింది. మరునాడు కూతురును నిద్ర లేపింది.

"సైకిలు వచ్చే దాకా నడిచి పో. నేను గూడ మానవపాడు దాకా నడిచే వస్త. పాలు నెత్తిన పెట్టుకుంట. బడి మాత్రం మానొద్దు."

ఇద్దరూ కలిసి నడిచారు. పోతూ పోతూ తల్లి ఫ్రేము నంబరు నోటికి చెప్పింది. కూతురు తప్పులు దిద్దింది.

అక్కలారా! ఒకప్పుడు కాగితం చూపి ఎవరు ఏమి చెబితే అదే నమ్మాల్సి వచ్చేది. వేలిముద్ర వేయమంటే వేసేవారు. ఇప్పుడు అక్షరం వచ్చింది. అంకె వచ్చింది. ట్రంకు పెట్టెలో చీరెల కింద ఉన్న కాగితాలు ఈ రాత్రి బయటికి తీయండి. ఒక్కొక్కటి చదవండి. రాని మాట ఉంటే గీత గీసి ఉంచండి. రేపు పదిమంది కూర్చున్నప్పుడు ఆ మాట అడగండి.



చర్చించండి

1. మీ ఇంట్లో ఏయే బీమాలు ఉన్నాయి? ఏది దేనికి డబ్బు ఇస్తుంది?
2. దొంగతనానికి, ఇల్లు పగలగొట్టి దోచడానికి తేడా ఏమిటి?
3. పక్కింటి అన్న చెప్పినట్టు చేస్తే ఆ తల్లికి ఏమి నష్టం జరిగేది?
4. సైకిలు ధర 4,000 రూపాయలు. తరుగు నూటికి 25. మనం భరించాల్సింది 300. చేతికి ఎంత వస్తుంది?
5. మీ సైకిలు ఫ్రేము నంబరు చూసి ఇక్కడ రాయండి: ........